ఆడిపట్టము, పుష్యమికార్తె: మన పెరటి విత్తుల కథ

మన సంఘమువారు ఈ సంచికకొక వ్యాసము వ్రాసి యిమ్మని కోరినప్పుడు కొంత సంకోచించితిని. తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి క్షేత్రమును గూర్చియు, తిరువళ్ళూరు వీరరాఘవస్వామి కోవెలను గూర్చియు, 1888వ సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీన తిరుత్తణిలో తెలుగు కుటుంబమున జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణ పండితుని గూర్చియు వ్రాయుటకు నాకంటె సమర్థులు మనలో పెక్కురు కలరు. నేను పదునొకండవ తరగతితో చదువు ముగించి, గుమాస్తాగా జీవితము గడిపి, పింఛను పుచ్చుకొనుచున్నవాడను. నాకు తెలిసినవి రెండే: లెక్కల పుస్తకములు, మా యింటి పెరడు. ఈ రెంటిలో మొదటిదానికి ఎక్కని విషయమొకటి రెండవదానిలో కలదు. దానినే ఇక్కడ విన్నవింపదలచితిని.

అది ఎండలు వెనుకబట్టిన పిమ్మట పెరటిలోను మెట్టచేలలోను పెట్టెడి కూరగాయల విత్తు. దీనిని మన పొరుగువారు ఆడిపట్టమందురు. 'ఆడిప్ పట్టం తేడి విదై', అనగా ఆడి అదనును వెదకి విత్తుమని వారి సామెత. ఈ జిల్లాలో పుట్టి పెరిగిన తెలుగువారిలో ఈ సామెత విననివారుండరు. మన పెద్దలు మాత్రము ఆడి అనక పుష్యమి అనెడివారు.

మా అవ్వకు చదువు లేదు. ఇంటిలో పంచాంగముండినను దానిని చూచువాడు మా తాత. అయినను ఏ కార్తె ఎప్పుడు ప్రవేశించునో అవ్వకు వ్రేళ్ళ కణుపులమీద నుండెను. సూర్యుడొక్కొక్క నక్షత్రమున పదుమూడు పదునాలుగు దినములుండును గదా, అదియే కార్తె. పుష్యమి సుమారు జూలై 20వ తేదీన, ఆశ్లేష ఆగస్టు 3న, మఖ ఆగస్టు 17న వచ్చును. పునర్వసు చివరనే అవ్వ పందిరి గుంజలను సరిచూపించి, పాదులు త్రవ్వించి, పెంట వేయించి యుంచెడిది. మా పక్కచేను కాపు తమిళుడు, వృద్ధుడు; తెలుగు కొంచెము కలిపి మాటలాడును. దడి అవతలినుండి అతడు,

"ఆడి పుట్టి మూడు దినాలాయె తల్లీ, ఇంకా విత్తనం తీయలేదా?" అనెడివాడు.

"నీకు ఆడి పుడితే నాకేమన్నా, ఈపొద్దు కదా పుష్యమి పడింది. రేప్పొద్దున పెడతా" అని అవ్వ బదులు చెప్పెడిది.

మరునా డిద్దరును విత్తనములు పెట్టుచుండిరి. చిన్నతనమున నాకిది వేడుకగా నుండెను. ఇద్దరి లెక్కలు వేరైనను చేయుపని యొకనాడే యెట్లు కుదురుచుండెనని పెద్దవాడనైన తరువాతగాని ఆలోచింపలేదు. సమాధానము సులభమే. తమిళుల ఆడిమాసము సూర్యుడు కర్కాటకరాశిలో నుండు కాలము. కర్కాటకమనగా పునర్వసు నాలుగవ పాదము, పుష్యమి, ఆశ్లేష. కనుక వారి ఆడియు మన పుష్యమి ఆశ్లేషలును వేరు కావు. వారు నదులకు పూజచేసెడి ఆడి పదునెనిమిదవ నాడు ఇంచుమించుగా మన ఆశ్లేష ప్రవేశమే యగును. ఒకే సూర్యుని వారు రాశిచేత, మనవారు నక్షత్రముచేత గుర్తించిరి.

చిక్కు వచ్చునది మన చాంద్రమాసములతోనే. ఆషాఢము చంద్రుని ననుసరించునది. ఒక యేడు జూన్ నడుమ వచ్చును, మరియొక యేడు జూలై నడుమ వచ్చును. ముప్పదిరెండు ముప్పదిమూడు నెలల కొకసారి అధికమాసమును వచ్చును. కాపువాడు ఆషాఢమును నమ్మి విత్తినచో ఒక యేడు ముందును, ఒక యేడు వెనుకయు నగును. అందుచేతనే పెండ్లిండ్లకు, వ్రతములకు తిథి మాసములు; చేనికి కార్తె. ఈ భేదము మన పెద్దలకు చెప్పనక్కరలేకుండ తెలిసియుండెను.

నాకు మాత్రము దెబ్బతగిలిన పిమ్మట తెలిసినది. 1996లో జూన్ నడుమ చెన్నపట్నమునను మన ప్రాంతమునను కుంభవృష్టి కురిసెను. నేల చక్కగా పదునెక్కినది. అప్పటికి అవ్వ లేదు. గోడమీది క్యాలెండరులో ఆషాఢమని చూచితిని. అది అధికాషాఢమన్న సంగతి గమనింపనైతిని. తొందరపడి బీర, పొట్ల, చిక్కుడు అన్నియు పెట్టితిని. బీర ఆగస్టు ఆరంభముననే కాచి, ధర లేని రోజులలో అమ్ముడుపోయి, పురట్టాసి వచ్చునప్పటికి పాదెండిపోయెను. చిక్కుడు సంగతి ఇంకను వింత. తీగ పందిరి నిండి, పక్కనున్న మునగచెట్టెక్కి, ఆకుతప్ప పూత చూపదయ్యెను. చివరకది పూచినది ఎప్పుడనగా, నాకంటె నెలదినములు ఆలస్యముగా పక్కచేనివారు పెట్టిన చిక్కుడు పూచిన వారముననే. మా అమ్మ పందిరి క్రింద నిలిచి, "ఆషాఢమని చూసినావు గాని, కార్తె చూసినావా నాయనా?" అని మాత్రమనెను. అంతకుమించి యనలేదు. ఆ మాట యిన్నేండ్లైనను మరువలేదు.

చిక్కుడు చేసిన ఆ వింతకు శాస్త్రకారణము కలదు. 1920లో అమెరికా దేశమున వైట్‌మన్ గార్నర్, హ్యారీ అల్లర్డ్ అను శాస్త్రజ్ఞులు కొన్ని మొక్కలు పగటి నిడివినిబట్టి పుష్పించునని ప్రకటించిరి. పగలు తరుగువరకు కొన్నిజాతులు పూయవు. మన నాటు చిక్కుడును, దాని సోదరియైన అనపయు ఇట్టివే. తిరుత్తణి విషువద్రేఖకు ఉత్తరముగా పదుమూడు డిగ్రీల చేరువనున్నది. ఇచ్చట మిక్కిలి పొడవైన పగటికిని మిక్కిలి పొట్టిపగటికిని భేదము గంటన్నర మాత్రమే. ఆ గంటన్నరలో కలుగు స్వల్పమైన తరుగుదలను చిక్కుడుతీగ కనిపెట్టి ఆశ్వయుజ కార్తికములలో పూతకు వచ్చును. కావున దానిని ముందుగా పెట్టినందువలన లాభము లేదు, ఆకు పెరుగుటయే. మరీ ఆలస్యము చేసినచో తీగ బలియకముందే పూత వచ్చి కాపు పలుచనగును. పుష్యమి ఆశ్లేషలలో పెట్టిన తీగకు పూతవేళకు చాలిన బలముండును.

ఇక్కడ అనప అన్న మాటనుగూర్చి కొంచెము చెప్పవలెను. మన చిత్తూరు సీమ తెలుగున అనపకాయలనగా తమిళుల మొచ్చై; చేలలో వేరుసెనగ సాళ్ళ నడుమ, కందితోను ఆముదముతోను కలిపి విత్తెడిది. కోస్తా జిల్లాలలో ఆనపకాయ అనగా మన సొరకాయ. గోదావరి ప్రాంతమునుండి మా బంధువుల యింటికి వచ్చిన కోడలొకతె, అత్తగారు అనపకాయలు ఒలువుమనగా సొరకాయ చెక్కుతీయుటకు కత్తిపీట వెదకెనట! శాస్త్రజ్ఞులు అనపను, పందిరి చిక్కుడును ఒకేజాతిగా పరిగణింతురు. నాలుకకు మాత్రమవి వేరు. మార్గశిర పుష్యమాసములలో మంచు పడినపిమ్మట కోసిన అనపకాయకే వాసన అని మనవారి నమ్మకము. గింజలు నానబెట్టి, తొక్క పితికి తీసి చేసెడి పితికినపప్పు రాగిసంగటిలోనికి వండని తెలుగిల్లు మా బాల్యమున ఆ రోజులలో లేదు. అప్పుడు వీధంతయు ఆ వాసనయే. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథము కట్టుటయు, చిక్కుడాకులలో పరమాన్నము నివేదించుటయు మనకాచారము. పుష్యమికార్తెలో పెట్టిన తీగయే మాఘమాసమునాటికిని ఆకును కాయను ఇయ్యగలుగును.

బీర, పొట్ల, కాకర, సొర, బెండల లెక్క వేరు. ఇవి పగటినికాక వానను చూచుకొనవలెను. మన ప్రాంతమునకు నైరృతి వానలు కొంత, ఈశాన్య వానలు కొంత వచ్చును. ఆడి ఆవణి మాసములలో సాయంకాలపు జల్లులు మొలకకు చాలును. అక్టోబరు మూడవ వారమునుండి, అనగా చిత్త చివర స్వాతి మొదట, ఈశాన్యపు జడివానలు దిగును. బీరపూవు సాయంకాలము విచ్చునది. ఆ వేళకు వాన కొట్టినచో పుప్పొడి కొట్టుకొనిపోయి పిందె నిలువదు. పుష్యమిలో పెట్టిన బీర, బెండ సుమారు నలుబదియైదు, ఏబది దినములకు, కాకర మరి కొన్నినాళ్ళకు కాపునకు వచ్చును. కనుక సెప్టెంబరు మొదలుకొని అక్టోబరు వరకు నిండు కాపు. వంగనారు ముందే పోసియుంచి ఈ జల్లులలోనే నాటుదురు. శీతదేశములవారును వేసవి చివర ముల్లంగి, క్యాబేజి మొదలైనవి విత్తి శరదృతువున కోయుదురు. వారు మొదటి గడ్డమంచు పడునాటినుండి వెనుకకు దినములు లెక్కించి విత్తుదినము నిర్ణయింతురట. మనవారు స్వాతివాననుండి వెనుకకు లెక్కించిరి.

ఈ కాపు వచ్చు వేళయు విలువైనది. పురట్టాసి మాసమున మన ప్రాంతమున తెలుగువారును తమిళులును తిరుపతి వేంకటేశ్వరుని తలచి మాంసము మానుదురు. శనివారములు మరింత నియమము. ఆ నెలలోనే కూరగాయలకు గిరాకి. వెనువెంటనే ఆయుధపూజ, దానికి బూడిదగుమ్మడి కావలెను. ఆ మాసమునకు సరుకందింపవలెనన్నచో ఆడిలోనే విత్తవలెను. మన పెద్దలు దీనిని భక్తియనిరో, వ్యాపారమనిరో నాకు తెలియదు. రెండును కలిసియే యుండెను. ఆషాఢమునను ఆడియందును మనకుగాని పొరుగువారికిగాని వివాహములు లేకుండుటకు, ఇంటిలోని చేతులన్నియు చేనిలో కావలసియుండుటయే కారణమని మా తాత చెప్పెడివాడు. అందుకు శాస్త్రప్రమాణమేమని అడిగితే నవ్వి ఊరకుండెడివాడు. ఆడికృత్తికకు మాత్రము పని మానవలసినదే. తిరుత్తణి కొండకు పూలకావళ్ళు ఎత్తుకొని తెలుగునాటినుండియు తమిళనాటినుండియు జనము వచ్చినప్పుడు మెట్టచేలలో మనిషి కనబడెడివాడు కాడు.

కూరగాయలు పోయెడి చోటు చెన్నపట్నము. 1856 జూలై 1వ తేదీన రాయపురమునుండి వాలాజారోడ్డువరకు దక్షిణదేశపు మొదటి రైలు నడచినప్పుడే తిరువళ్ళూరు ఆ దారిమీదనుండెను. అప్పటినుండి పట్టణపు వంటిల్లు మనకు చేరువైనది. గంపలు చేరెడి అంగడి కొత్తవాల్‌చావడి. ఆ అంగడి స్థలము మన తెలుగు ఆర్యవైశ్యుల కన్యకాపరమేశ్వరీ దేవస్థానమువారిది. 1996లో అంగడి కోయంబేడునకు తరలింపబడెను. మా పెదనాయన తెల్లవారుజామున రైలుదిగి, ఆ చావడిలో తెలుగుననే బేరమాడి, మధ్యాహ్నమునకు ఉత్తగంపతో తిరిగివచ్చుట నాకు గుర్తున్నది. గంప అడుగున మాకొరకు ఏదో యొకటి తినుబండారముండెడిది.

ఇప్పుడు చరిత్రకు వచ్చెదను. మన తాలూకా ఎన్ని చేతులు మారినదో మీకు తెలియనిది కాదు. తిరుత్తణి పూర్వము కార్వేటినగరము జమీందారీలోనిది. ఉత్తరార్కాడు జిల్లాలోనుండి, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడగా అందు చేరెను. 1953లో ఆంధ్రరాష్ట్రమునకు, 1956లో ఆంధ్రప్రదేశమునకు చెందెను. పటాస్కరు గారి మధ్యవర్తిత్వమును, 1959నాటి సరిహద్దుల చట్టమును అనుసరించి 1960 ఏప్రిల్ 1వ తేదీన చెన్నరాష్ట్రమున కలిసెను. ప్రతిగా తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాల గ్రామములు కొన్ని ఆంధ్రమునకు పోయినవి. చెంగల్పట్టు జిల్లాలోనుండి, 1997లో తిరువళ్ళూరు జిల్లా పాలయ్యెను. నేను 1959లో పుట్టితిని. పుట్టినప్పుడు ఆంధ్రుడను, నడక నేర్చునప్పటికి చెన్నరాష్ట్రీయుడను. ఇల్లు మాత్రము కదలలేదు. ఆ సరిహద్దును గూర్చి ఇరుపక్షములవారును పడిన ఆవేశములను పెద్దలు చెప్పగా వింటిని. ఇప్పుడాకథ నెత్తను. నగరియేరు మాత్రము నేటికిని చిత్తూరు జిల్లానుండి వచ్చి పూండి జలాశయమున కొసస్థలలో కలియుచునే యున్నది. 1944లో పూర్తియైన ఆ జలాశయమునకే 1996నుండి తెలుగుగంగ కాలువగుండ కృష్ణాజలమును వచ్చుచున్నది.

ఇన్ని మార్పులలో ప్రతి దొరతనమును లెక్కలు వ్రాయించినది. ఉత్తరార్కాడునుగూర్చి కాక్సుదొర 1881లో గ్రంథము కూర్చెను. అంతకు రెండేండ్ల ముందు క్రోలుదొర చెంగల్పట్టునుగూర్చి వ్రాసెను. గ్రామములలో అడంగలు ఏటేట వ్రాయబడును. జూలై 1వ తేదీన క్రొత్త పసలీ పుట్టును. 1960 జూలైలో పుట్టినది 1370వ పసలీ. చిత్రమేమనగా పసలీ పుట్టిన మూడు వారములకే మన పుష్యమి. పుస్తకము తెరచిన నెలలోనే విత్తు పడుచున్నదన్నమాట. అయినను నేను చూచిన లెక్కలలో అనపసాళ్ళున్న చేనికి 'వేరుసెనగ' అని మాత్రమే యుండెను. పందిరి చిక్కుడు, దడిమీది కాకర, పెంటకుప్పమీది గుమ్మడి ఏ పుస్తకమునకును ఎక్కలేదు. ఎక్కుట కవి పన్ను కట్టునవి కావు గదా! లెక్కవ్రాయువాని తప్పునుకాదు. నేనును అట్టివాడనే. కాని ఇంటిల్లిపాదిని ఆరునెలలు పోషించిన పంట ప్రభుత్వపు కాగితములలో లేకుండపోయెను. దానికి దస్తావేజు ఆడవారి వ్రేళ్ళమీది కార్తెలెక్క యొకటి, ఉట్టికి కట్టిన సొరబుర్రలో బూడిదకలిపి దాచిన విత్తనమొకటి.

ఆ రెండవదియు తరుగుచున్నది. అనపగింజకు మొలకశక్తి రెండుమూడేండ్లకు మించి నమ్మరాదు. వరుసగా మూడేండ్లు విత్తనిచో ఆ యింటి విత్తు పోయినట్లే. అంగడిలో పొట్లములలో వచ్చు మేలురకపు విత్తులు ఏ నెలలో పెట్టినను పూచునట్టివి కలవు. వానిని నిందింపను. ఏడాది పొడుగున కాయ దొరకుట బీదవారికి మేలే. కాని వానికి కార్తెతో పనిలేదు. సంకరజాతులైనచో మరుసటియేటికి విత్తనము దాచియు ఫలము లేదు. మా మనుమరాలికి టమాటాను ఇక్కడ తక్కాళి అందురని తెలియును, మొచ్చై అనగానేమో తెలియును. అనప అన్న మాట నా నోట తప్ప వినియెరుగదు.

మరియొక సంగతి. నా చెల్లెలి కుమార్తె అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున నున్నది. కొన్నియేండ్ల క్రిందట మా పందిరి చిక్కుడు విత్తనమును చీరకొంగున కట్టుకొనిపోయినట్లుగా పట్టుకొనిపోయి, మేనెలలో నాటెను. తీగ ఇంటి చూరెక్కెను. ఆగస్టు గడచినను పూత లేదు. "మామా, ఏమి చేయమంటావు?" అని టెలిఫోనులో అడిగెను. ఆ దేశమున వేసవిలో పగలు పదునైదు గంటలని చెప్పగా, 1996నాటి నా మునగచెట్టు జ్ఞప్తికి వచ్చినది. "పగలు తరగనీ అమ్మా, పూస్తుంది" అంటిని. సెప్టెంబరు నడుమ పూచెను. రెండుసార్లు కూరకు కాయ కోసినంతలో అక్టోబరున గడ్డమంచు పడి తీగ నల్లబడెను. ఇప్పుడామె నల్లని గుడ్డ కప్పి తొట్టిలోని మొక్కకు పగలు కుదించుచున్నదట. పుష్యమికార్తెను గుడ్డతో చేయుచున్నావని నవ్వితిని.

మా పక్కచేను ఇండ్లస్థలములైనది. దడి యున్నచోట గోడ వచ్చినది. దడి అవతలినుండి అవ్వతో మాటలాడిన ఆ వృద్ధుని మనుమడు అక్కడనే మిద్దె కట్టుకొని, మిద్దెమీద తొట్లలో కూరగాయలు పెంచుచున్నాడు. గడచిన యేడు గోడమీదుగా, మా తాత వేసిన మొచ్చై విత్తనము మీయింట నున్నదని మా నాయన చెప్పుచుండెనని తమిళమున అడిగెను. వారి తాతదియు మా అవ్వదియు అప్పటికే కలిసిపోయినవి. ఏది ఎవరిదో చెప్పలేను. నలుబది గింజలు ఎంచి యిచ్చితిని. "ఆడి పుట్టిన తరువాత పెట్టవలెను, ముందు వద్దు" అంటిని. "తెలుసునండి, మీ యింటిలో దానిని పుష్యమి అందురట గదా" అనెను.

అతడు పెట్టినవానిలో ముప్పదికిపైగా మొలచినవి. తిరిగి నాకు రెండు దోసిళ్ళు విత్తనము తెచ్చియిచ్చెను. బూడిద దొరకనందున డబ్బాలో వేపాకు వేసి దాచితిని. మన సంఘసభ్యులలో ఎవరికైనను కావలసినచో పునర్వసు ముగియకముందే కబురంపవలెను. పుష్యమి పడినపిమ్మట నాకు మిగులునవి నా పందిరికి మాత్రమే చాలును.